మూరన్నర దూరం

నాకు ఇంగ్లీషు వచ్చునని ఒకప్పుడు నాకు కాస్త పొగరుండేది. ధర్మవరంలో మగ్గం నేసే ఇంట్లో పుట్టి, సర్కారు బడిలో తెలుగులో చదివి, నర్సింగులో చేరాక రోషం కొద్దీ నేర్చుకున్న ఇంగ్లీషు అది. ఆ నర్సింగు చదివించింది ఒక క్రైస్తవ సంస్థ. సముద్రాల అవతల ఒక చలి దేశంలో, పేరు పలకడానికి నాలుక తిరగని చిన్న ఊళ్లో, ఆదివారం చర్చికి వచ్చే పెద్దవాళ్లు కేకులు చేసి అమ్మి, పాత పుస్తకాలు అమ్మి, వచ్చింది కూడబెట్టి పంపితే ఇక్కడ మా మెట్ట ఊళ్లకు ఒక వైద్యం వ్యాను తిరిగేది. చదువైపోయాక నేను ఆ వ్యానులోనే చేరాను. బత్తలపల్లె చుట్టూ పల్లెలు, అటు కంబదూరు వైపు పల్లెలు, వారానికి ఒక రోజు మా ధర్మవరం. బీపీ చూడడం, షుగరు చూడడం, పుండ్లు కడిగి కట్లు కట్టడం, గొర్రెలు కాసేవాళ్ల అరికాళ్లలో విరిగిన ముండ్లు తీయడం నా పని.

ఏడాదికొకసారి చలికాలంలో ఆ దేశం నుంచి డాక్టర్లు వచ్చి రెండు వారాలు ఉండేవాళ్లు. ఆ రెండు వారాలూ నేను నర్సును కాదు, వాళ్లకు నోరు. రోగి చెప్పింది ఇంగ్లీషులో చెప్పాలి, డాక్టరు అన్నది తెలుగులో చెప్పాలి. అందులో నాకొక పద్ధతి ఉండేది. మావాళ్ల మాట మొరటు కదా, దాన్ని కాస్త సాపు చేసి అప్పజెప్పేదాన్ని. ఒక పెద్దాయన వచ్చి, "ఈ మాత్రలు మింగి కడుపు మంటెత్తి సస్తాండా, రాసిచ్చినోన్ని పిలుచుకరా పో" అంటే, "కడుపులో కొంచెం ఇబ్బందిగా ఉందట" అనేదాన్ని. డాక్టర్లు నవ్వి తలూపేవాళ్లు. అంత దూరం నుంచి మన కోసం వచ్చినవాళ్ల మనసు నొప్పించకుండా ఉండడమే మర్యాద అనుకునేదాన్ని. మర్యాదతో పాటు భయం కూడా ఉండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. వాళ్లకు మనసు విరిగి పంపడం మానేస్తే వ్యాను ఆగిపోతుంది. వ్యాను ఆగితే నా ఉద్యోగమూ ఆగుతుంది.

ఒక ఏడు ఆ వచ్చినవాళ్లలో ఒక కంటి డాక్టరమ్మ ఉంది. అరవై దాటిన మనిషి, తెల్లగా కత్తిరించిన జుట్టు, మోకాళ్లు నొప్పి పుట్టినా కుర్చీలో కూలబడని రకం. ఉద్యోగం నుంచి రిటైరయ్యాక తన విమానం ఖర్చు తానే పెట్టుకుని వచ్చింది. వస్తూ వస్తూ మూడు అట్టపెట్టెల నిండా కళ్లద్దాలు తెచ్చింది. దగ్గరి చూపు తగ్గినవాళ్లు పెట్టుకునే రకం. ధర్మవరంలో నేతగాళ్లు ఎక్కువని, నలభై దాటితే వాళ్లకు పోగు కనిపించదని ఎవరో చెప్పారట. ఆ మాట వినే ఆమె వచ్చింది.

మా పేటలోని బడిలో క్యాంపు పెట్టారు. మా నాయనను రమ్మంటే మొదట రానన్నాడు. ఆయనకు అప్పటికి యాభై ఏడు. చిన్నప్పుడు మగ్గం గుంటలో కాళ్లు పెట్టిన మనిషి, పట్టుచీర తప్ప వేరే పని తెలియదు. రెండేళ్లుగా ఆయన చీరల్లో అక్కడక్కడ సన్నటి గీతలు పడుతున్నాయి. పడుగులో, అంటే మగ్గం మీద నిలువుగా పరిచిన పోగుల్లో, ఒక్కటి తెగింది చూడకుండా నేసుకుంటూ పోతే చీర నిలువునా గీత పడుతుంది. పడుగు ఇచ్చే షావుకారు చీరను వెలుగుకు పట్టి చూసి ఏమీ అనకుండా మడిచి పెట్టేవాడు. ఆ అనకపోవడమే నాయనకు ముల్లులా గుచ్చుకునేది.

పక్కింటాయన మా గడపలో కూర్చుని, "పోవాకప్పా, అద్దాలు పెట్టి తలకాయ మీద నీళ్లు పోసి వాళ్లల్లో కలుపుకుంటారంట" అన్నాడు.

"పోస్తే పోయనీలే. కొళాయి వచ్చి నాలుగు దినాలాయె" అని నాయన చొక్కా తొడుక్కున్నాడు. రానన్న మనిషి రావడానికి ఆ మాటే పనికొచ్చింది. ఎవరైనా వద్దంటే తప్ప ఏ పనీ చేయడు మా నాయన.

క్యాంపు మొదలయ్యే ముందు డాక్టర్లు నిలబడి ప్రార్థన చేశారు. సంస్థ పాస్టరు గారు దాన్ని తెలుగులో చెప్పారు. బెంచీల మీదున్న మావాళ్లలో కొందరు లేచి చేతులు కట్టుకున్నారు, కొందరు అటూ ఇటూ చూశారు. నాయన రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. తర్వాత ఎవరో అడిగితే, "మన కండ్ల కోసమే గదా అడుగుతాండేది. యా దేవునికి చెప్పుకుంటే ఏముండాదిలే" అన్నాడు.

డాక్టరమ్మ దగ్గర తెలుగు అక్షరాలూ బొమ్మలూ అచ్చేసిన ఒక అట్టముక్క ఉండేది. దానికి ఒక తాడు కట్టి ఉండేది. తాడు కొసను రోగి చెంపకు ఆనించాలి, తాడు బిగుతుగా నిలిచేంత దూరంలో అట్టను పట్టుకోవాలి. మూరకు రెండు వేళ్లు తక్కువ దూరం. పుస్తకం చదివేవాళ్లు పుస్తకాన్ని పట్టుకునే దూరం అదేనట, ప్రపంచమంతా అంతేనట. అట్టను పట్టుకునే పని నాది. రోగికి ఏ అద్దం పెడితే చిన్న అక్షరం కనిపిస్తుందో చూసి ఆ అద్దాలు ఇచ్చేది డాక్టరమ్మ. నాయన అట్ట మీది చిట్టచివరి వరస గడగడా చదివేశాడు. ఆమె సంతోషంతో ఆయన భుజం తట్టింది. ఎవరో ఫోటో తీశారు. కళ్లద్దాలతో నాయన అచ్చం రిటైరైన హెడ్‌మాస్టరులా ఉన్నాడు. నాకు ఆ రోజు కడుపు నిండిపోయింది.

మగ్గం మీద గుడ్డ అంత దగ్గర్లో ఉండదని అట్ట పట్టుకున్న నాకు తెలియదా? మగ్గం పక్కన పాకి, మగ్గం కింద పడుకుని పెరిగినదాన్ని. నేసేవాడి కంటికీ, అడ్డపోగు పడే చోటికీ మధ్య మూరన్నర ఉంటుంది. పోగు తెగి అతకాల్సిన చోటు ఇంకా అవతల. ఈ సంగతి నా బుర్రలో ఒక్క క్షణం మెరిసిందని ఒట్టేసి చెప్పగలను. కానీ ఎదురుగా ఉన్నది పెద్ద చదువు చదివిన డాక్టరు, నేనేమో వాళ్ల దయతో చదువుకున్న నర్సును. పైగా వరసలో ఇంకా నూరు మంది నిలబడి ఉన్నారు. ఆ మెరిసినదాన్ని వదిలేశాను.

ప్రతి అద్దాల పెట్టెలోనూ ఒక చిన్న కార్డు ఉండేది. ఆ చర్చివాళ్లు చేత్తో రాసినవి. నాయనకు వచ్చిన కార్డు మీద ఎవరో పెద్దామె వణికే అక్షరాలతో, మీ కళ్ల కోసం రోజూ ప్రార్థిస్తున్నాను అని రాసి పక్కన ఒక పసుపుపచ్చ పువ్వు వేసింది. నేను చదివి చెప్పాను. నాయన ఆ కార్డును చాలాసేపు చూసి దేవుని గూట్లో వెంకటరమణస్వామి పటం పక్కన పెట్టాడు.

ఆ ఏడాదంతా వ్యాను దగ్గరికి మా పేటవాళ్లు నడుము నొప్పి అంటూ, మెడ నొప్పి అంటూ వచ్చారు. నేతగాళ్లకు నడుము నొప్పి కొత్త కాదు. నేను మాత్రలిచ్చాను, రుద్దుకునే మందు ఇచ్చాను, వంగి పని చేయొద్దని బుద్ధులు చెప్పాను. ఆ అద్దాలు పెట్టుకుంటే మూరలోపు ఉన్నదే కనిపిస్తుంది, అవతలిదంతా మసక. పుస్తకమైతే దగ్గరికి తెచ్చుకోవచ్చు, మగ్గం రాదు కాబట్టి మనిషే దాని మీదికి వంగాలి. కండ్లకు సాయం చేసి నడుములు విరగ్గొట్టామని నాకు తట్టనే లేదు. రుద్దుకునే మందు ఇంకో రెండు పెట్టెలు కావాలని మాత్రం రాసి పంపాను.

చలికాలం దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం ఇంటికి పోయేసరికి నాయన పెరటి అరుగు మీద అన్నం తింటున్నాడు. అమ్మ మగ్గం దగ్గర నిలబడి, పడుగు మీద వేళ్లతో మెల్లగా తడుముతోంది. తెగిన పోగు వేలికి తగలగానే రెండు కొసలూ పట్టి ముడేసింది. నన్ను చూసి పెదవుల మీద వేలు పెట్టుకుంది. వంటింట్లోకి పోయాక అడిగాను.

"మా, ఎన్నాళ్ల నుంచి చేస్తాండావు ఇట్ల?"

"రెండేండ్లాయె. ఆయప్ప తిననీకి లేచినప్పుడంతా పోయి అతుకుతాండా. ఆయనకు తెల్దు. తెలిస్తే మగ్గం దిగేస్తాడు."

"అద్దాలు ఇచ్చినారు గదా."

"యాడివి. పెట్టుకుని ఒక నెల నేసినాడు. రొమ్ము పోయి మగ్గానికి ఆనుకుంటాండె. దినాం నడుముకు కాపడం పెట్టల్ల. తీసి గూట్లో పెట్టినాడు."

అమ్మ కండ్లు కూడా అప్పటికి అంతంత మాత్రమే. వేళ్లతోనే నెట్టుకొస్తోంది. ఆమెకు అందనివి చీరలో గీతలై మిగిలేవి. ఆ వారమే షావుకారు ఇంకో పడుగు ఇస్తూ, "ఇదొక్కటి చూస్తా, అన్నా. ఇది కూడా ఇట్లే వస్తే ఇంక నా వల్ల కాదు" అన్నాడట. నాయన మగ్గం దిగితే చేయగలిగే పని ఏముంది? ఏ పట్టుచీరల అంగడి ముందో స్టూలు వేసుకుని కాపలా కూర్చోవాలి. తాను నేసిన చీరలు లోపల ఉంటే బయట తలుపు తీస్తూ కూర్చోవాలి. 

నాయన దగ్గర కూర్చుని అడిగాను. "అద్దాలు ఎట్లుండాయి నాయనా?"

"బాగుండాయి."

"మరి గూట్లో ఉండాయే."

"దుమ్ము పడ్తాదని పెట్టినా."

"నాతో గూడా ఇట్లే చెప్తావా?"

ఆయన చెయ్యి కడుక్కుని తువ్వాలుతో తుడుచుకున్నాడు. "చూడు పాపా. వాళ్లు మనకేమైతారు? చుట్టాలు కాదు, పక్కాలు కాదు. యాడనో కూచోని మన కండ్ల కోసం దేవునికి మొక్కుతాండారు. అట్లా మనుషుల్తో మీరిచ్చింది బాగలేదని యా నోటితో చెప్పల్ల?"

 నేను ఏడాదికి రెండు వారాలు చేసే పని కూడా అదే కదా.

మళ్లీ చలికాలం వచ్చింది, డాక్టరమ్మ వచ్చింది. పోయినేడు అద్దాలు తీసుకున్నవాళ్లందరినీ మళ్లీ పిలిపించింది. ఎలా ఉన్నాయో అడిగి రాసుకుంటుందట. అదే బడి, అవే బెంచీలు. గూళ్లలోంచి, ట్రంకుపెట్టెల్లోంచి తీసి తుడుచుకున్న అద్దాలు పెట్టుకుని మావాళ్లు వరసగా వచ్చారు. ఒక్కొక్కరే కుర్చీలో కూర్చుని చేతులు జోడించి "బాగుండాయి తల్లీ" అన్నారు. ఒక అవ్వ అయితే డాక్టరమ్మ రెండు చేతులూ పట్టుకుని, "దొరసానమ్మా, నీ కడుపు చల్లగుండ" అంది. ఆ అవ్వ అద్దాలకు బలం ఎంతో రాసి అంటించిన కాగితం ఇంకా అలాగే ఉంది, ఒక్క రోజు కూడా పెట్టుకోలేదు. నేను చూశాను, చూసి కూడా "చాలా బాగున్నాయంటోంది" అన్నాను. డాక్టరమ్మ రాసుకుంది.

నాయన వంతు వచ్చింది. ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దాలు పెట్టుకుని, హెడ్‌మాస్టరులా వచ్చి కూర్చున్నాడు. నా వైపు చూడలేదు.

"మగ్గం పని సులువైందా?" అని డాక్టరమ్మ అడిగింది.

"శానా బాగుండాయని చెప్పు" అన్నాడు నాయన.

నేను చెప్పాను.  నా జీవితంలో నేను చేసిన అన్ని తర్జుమాలలోకి తప్పులేని ఇంగ్లీషు అదే, అన్నింటికంటే పెద్ద అబద్ధమూ అదే. సొంత తండ్రి మగ్గం పోతున్నా నోరు పెగలలేదంటే నన్ను నేను ఏమనుకోవాలి?

ఆ రోజు భోజనాల దగ్గర ఆమె ఉత్సాహంగా ఉంది. తమ చర్చికి అప్పుడే ఫోన్లో రాసిందట, దేవుడు ప్రార్థనలు విన్నాడని. వచ్చే ఏడు నుంచి ఇవే అద్దాలు, ఇదే పద్ధతి, ఇంకో రెండు దేశాల్లో నేతగాళ్లున్న ఊళ్లకు కూడా పంపుతారట. ముఖం వెలిగిపోతూ చెప్పింది. నేను పప్పన్నం కలుపుతూ కూర్చున్నాను. ఆ రెండు దేశాల్లోనూ మగ్గం మీదికి వంగే నడుములు కళ్లకు కట్టాయి. అక్కడా నాలాంటిది ఒకతి ఉంటుంది, బాగున్నాయంటున్నారు అని చక్కటి ఇంగ్లీషులో చెబుతుంది.

మరుసటి రోజు పొద్దున్నే, ఇంకా ఎవరూ రాకముందు, బడి వసారాలో ఆమె దగ్గరికి పోయి మొత్తం చెప్పేశాను. అద్దాలు పెట్టుకుంటే నడుములు పడిపోతున్నాయి, ఇప్పుడు ఎవరూ పెట్టుకోవడం లేదు. నిన్న అందరూ చెప్పింది అబద్ధం. చెప్పింది అబద్ధమని తెలిసే నేను మీకు చెప్పాను.

ఆమె ముఖం ఎర్రబడింది. "పోయినేడే నాకెందుకు చెప్పలేదు?" అంది.

తప్పు నాదే అయినా నాకు కోపం వచ్చేసింది. నాకు కోపం అలాగే వస్తుంది, రాకూడని చోట. "మీరు అక్షరాలు కనిపిస్తున్నాయా అని అడిగారు. వాళ్లు చేసే పని ఎక్కడ ఉంటుందని ఒక్కరినైనా అడిగారా? ఇక్కడికి రెండు సందులు దాటితే మగ్గం. రెండేళ్లలో ఒక్కసారైనా వచ్చి చూశారా?" అనేశాను.  వ్యాను పోయింది, ఉద్యోగం పోయింది అనుకున్నాను.

ఆమె మెట్ల మీద కూర్చుంది. తన కళ్లద్దాలు తీసి తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తీసింది. బడి ఊడ్చే ఆయా ముందర ఎర్రమట్టి మీద నీళ్లు చిలకరిస్తోంది. డాక్టరమ్మ అద్దాలు పెట్టుకుని లేచి, "నిన్న రాసింది తప్పని మావాళ్లకు రాయాలి" అంది. తర్వాత, "మీ ఇంటికి తీసుకుపో" అంది.

మేం పోయేసరికి నాయన బనీనుతో మగ్గం మీద ఉన్నాడు, కళ్లకు అద్దాలు లేవు. డాక్టరమ్మను గడపలో చూసి గుంటలోంచి లేవబోయి, గూటి వైపు చూసి, నా వైపు చూశాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది. అమ్మ చాప పరిచింది. డాక్టరమ్మ చెప్పులు విడిచి, చాప మీద కాకుండా నేరుగా మగ్గం దగ్గరికి పోయి, తాను కూర్చుని చూస్తానని సైగ చేసింది.

"అయ్యో, పెద్దామె గుంటలో కాలు పెట్టడమేంది. మోకాళ్లు పట్టుకుంటాయి, వద్దని చెప్పు" అన్నాడు నాయన. ఈసారి నేను ఆ మాటను అలాగే చెప్పాను. ఆమె అప్పటికే కూర్చుని కాళ్లు లోపలికి దించుతోంది. అమ్మ పరుగున పోయి ఒక దిండు తెచ్చి వెనకాల పెట్టింది.

కూర్చున్నాక ఆమె జేబులోంచి తాడు కట్టిన అట్ట తీసింది. తాడు కొసను తన చెంపకు ఆనించుకుని అట్టను ముందుకు పట్టుకుంది. తాడు బిగిసింది. అట్ట గాల్లో ఆగిపోయింది. దానికి అవతల, ఇంకా అంత దూరంలో సగం దూరం అవతల, నాయన నేస్తున్న నీలం పట్టు ఉంది. ఆమె అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆ సంగతి అర్థం కావడానికి తర్జుమా అక్కర్లేదు. నాయన పక్కకు వచ్చి, మోచేతిని ఆమె చెంప దగ్గర పెట్టి గాల్లోనే ఒక మూర, ఇంకో అర మూర కొలిచి, వేలి కొసను గుడ్డ మీద పెట్టాడు. ఆమె టేపు తీసి అక్కడిదాకా కొలుచుకుంది, తెగిన పోగులు అతికే చోటిదాకా ఇంకోసారి కొలుచుకుంది.

తర్వాత నాయనను మగ్గం మీద కూర్చోబెట్టి, తన సంచిలోంచి తీసిన ఖాళీ ఫ్రేములో ఒక్కో అద్దమే మారుస్తూ అడగడం మొదలుపెట్టింది. ఇది బాగుందా, అంతకు ముందుది బాగుందా?

"ఇది బాగుండాది" అన్నాడు నాయన. ఇంకోటి మార్చింది. "ఇదీ బాగుండాది." ఇంకోటి. "అన్నీ బాగుండాయి, అమ్మకు శ్రమ ఎందుకు."

నాకు తల గోడకు కొట్టుకోవాలనిపించింది. అంతవరకూ వంటింటి గడపలో నిలబడి చూస్తున్న అమ్మ ముందుకు వచ్చింది. "ఇట్ల అడుగుతాంటే పొద్దు గూకేదాకా బాగుండాదనే అంటాడు. ఆయనను అడగొద్దని చెప్పు ఆమెకు" అంది. చెక్క పెట్టెలోంచి చిన్న కత్తెర తీసి, పడుగు మీదికి వంగి, టక్కున ఒక పోగు తెంపింది.

నాయన అదిరిపడ్డాడు. షావుకారు ఇచ్చిన ఆఖరి పడుగు అది. "ఏం జేస్తివే?"

"పోగు తెంపినా. యాడ తెగిందో చూసి అతుకు" అంది అమ్మ. "రెండేండ్ల నుంచి నువ్వు లేసి పోయినప్పుడంతా నేనే అతుకుతాండా. ఈ పొద్దు నువ్వే అతుకు."

 నాయన అమ్మ వైపు చూశాడు. తర్వాత మగ్గం వైపు తిరిగాడు. డాక్టరమ్మకు నేను గబగబా చెప్పాను. ఆమె ఏమీ అడగకుండా ఒక అద్దం పెట్టింది. నాయన అలవాటుగా ముందుకు వంగాడు. ఆమె తల అడ్డంగా ఊపి ఆ అద్దం తీసేసింది. ఇంకోటి పెట్టింది. నాయన చెయ్యి పడుగు మీద అటూ ఇటూ తిరిగింది, దొరకలేదు. మూడోది పెట్టింది. వేల పోగుల మధ్య ఆయన చెయ్యి ఎక్కడా తడుముకోకుండా పోయి, తెగిన రెండు కొసలనూ పట్టుకుంది. నడుము వంగలేదు. వేళ్లు గిర్రున తిరిగాయి, ముడి పడింది. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం సిగ్గు లేకుండా ఏడ్చాను.

ఆ అద్దాలు ఆమె తెచ్చిన పెట్టెల్లో లేవు. ఆ బలం ఎవరికీ అక్కర్లేదనుకుని తీసుకురాలేదట. ఊళ్లోని కళ్లద్దాల అంగడిలో చేయించాలి, నాలుగు రోజులు పడుతుంది. ఆ నాలుగు రోజులూ బడిలో క్యాంపు ఎత్తేసి ఆమె ఇల్లిల్లూ తిరిగింది. మగ్గం మగ్గానికీ కూర్చుని కొలిచింది, మోకాళ్లు పట్టేస్తే నేను చెయ్యి ఇచ్చి లేపాను. ప్రతి ఇంట్లోనూ పోగు తెంపమని చెప్పడానికి మాకు ధైర్యం చాలలేదు కానీ, తెగిన పోగు ఉన్నప్పుడే పిలవమని చెప్పి వచ్చేవాళ్లం. పిలిచేవాళ్లు. బడిలో చేతులు జోడించినవాళ్లే, తమ మగ్గం మీద కూర్చున్నప్పుడు మాత్రం "ఇది కాదు, తీసెయ్" అనేవాళ్లు.

నాయన ఆ నాలుగు రోజులూ నాతో మాట్లాడలేదు. మూడో రోజు అమ్మతో చెప్పినట్టు నాకు వినిపించేలా అన్నాడు, "బయటి మనిషి ముందర తండ్రి పరువు తీసే చదువు నేర్పించినారు."  నిజంగానే తీశాను. ఆయనకు ఉన్నదల్లా ఆ పరువూ ఆ మగ్గమూ. రెండిట్లో ఒకటే దక్కుతుందనిపించి మగ్గాన్ని ఎంచుకున్నాను, ఆయనను అడగకుండానే. సాయం చేయడానికి వచ్చేవాళ్లు కూడా మనల్ని అడగకుండా ఇలాగే ఎంచుకుంటారు కాబోలు, వాళ్లకూ రాత్రిళ్లు గుండె ఇలాగే పీకుతుంది కాబోలు అనుకున్నాను. వాళ్ల మీద నాకు మొదటిసారి కృతజ్ఞత కాకుండా జాలి లాంటిది కలిగింది. ఆ జాలి కృతజ్ఞత కంటే దగ్గరి బంధువులా తోచింది.

డాక్టరమ్మ వెళ్లిపోయే రోజు మధ్యాహ్నం అద్దాలు వచ్చాయి. ఆమె కారు సామానుతో మా సందు మొదట్లో ఆగి ఉంది. నాయన మగ్గం మీదే కూర్చుని అద్దాలు పెట్టించుకున్నాడు. పడుగు వైపు చూశాడు, గుడ్డ వైపు చూశాడు. మేం ముగ్గురం ఆయన ముఖం వైపు చూస్తున్నాం. ఆమె నా వైపు తిరిగింది.

"అడగనా?" అంది, భయపడుతున్నట్టుగా.

"ఎట్లుండాయి నాయనా?" అన్నాను. నాలుగు రోజుల తర్వాత మా ఇద్దరి మధ్య మొదటి మాట అది.

 ఆయన అద్దాలను కొంచెం కిందికీ పైకీ జరిపాడు. ముఖం చిట్లించాడు.

"ముక్కు మీద ఒత్తుతాండాది. కుడిపక్క చెవి కాడ వదులు. ఇట్ల వంగితే జారి పడ్తాది" అన్నాడు.

నేను ఒక్క మాట కూడా సాపు చేయకుండా, ముఖం చిట్లించడంతో సహా, ఇంగ్లీషులో చెప్పాను. డాక్టరమ్మ కళ్లు పెద్దవయ్యాయి. రెండేళ్లలో మా పేటలో ఒక మనిషి ఆమె ముఖం మీద ఆమె కానుకగా ఇచ్చినదానికి వంక పెట్టడం అదే మొదలు. ఆమె కింద చతికిలబడి, అద్దాలు తీసుకుని, ముక్కు దగ్గరి తీగను వేళ్లతో వంచి ఇచ్చింది.

"ఇంకా ఒత్తుతాండాది."

మళ్లీ వంచింది. బయట డ్రైవరు హారను కొట్టాడు, ఆమె పట్టించుకోలేదు.

"ఇప్పుడు మరీ వదులైపాయె. మధ్యలో పెట్టమను."

మధ్యలో పెట్టింది. చెవి దగ్గరి కాడను ఒళ్లో, ప్యాంటు మీద ఆనించి మెల్లగా వంచింది. నాలుగోసారి పెట్టుకున్నాక నాయన మగ్గం వైపు తిరిగాడు. కాళ్లు గుంటలో సర్దుకున్నాడు, అడ్డపోగు నాడె వేశాడు, పోగు బిగిసేలా పలక లాగాడు. మళ్లీ వేశాడు. ఒకచోట ఆగి, నిటారుగా కూర్చునే చెయ్యి చాపి, ఒక పోగు అతికి, మళ్లీ వేశాడు. మేం ఉన్నామన్న సంగతే మరిచిపోయాడు. డాక్టరమ్మ లేచి, చప్పుడు కాకుండా చెప్పులు తొడుక్కుని, వీధిలోకి వచ్చి నన్ను గట్టిగా కౌగిలించుకుంది. లోపల మగ్గం ఆడుతూనే ఉంది. బాగుండాయి అన్న మాట మాత్రం ఆ రోజు మా నాయన నోట రానేలేదు.